నాలుగింట మూడు వంతులు ‘బీఎల్‌క్యూ’ వస్తే పురుగుమందు ఎక్స్‌పోజర్ ఎట్లా లెక్కగట్టాలి?

సంగటిముద్ద, తిరుపతి:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మన చుట్టుపక్కల ఇళ్లల్లో రోజూ తినే తిండితో పాటు పురుగుమందు ఎంత లోపలికి పోతోందన్నది నా టాపిక్. చేతిలో రెండు రకాల డేటా ఉంది. ఒకటి, తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు మార్కెట్లలో కొన్న శాంపిళ్లు: టమోటా, వంకాయ, బెండకాయ, పచ్చిమిర్చి, ఇంకా బియ్యం, రాగిపిండి, కందిపప్పు, చెనక్కాయలు, పాలు. ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెస్ట్ చేయించాం. రెండోది, అవే ఊళ్లల్లో ఆడవాళ్లని ‘నిన్న పొద్దున్నించి ఏమేం తిన్నారు’ అని అడిగి రాసుకున్న 24 గంటల రీకాల్.

రీకాల్ కష్టాలు వేరే. ఊరిబిండి (రోటిపచ్చడి) ఎంత వేసుకున్నారంటే ‘సంగటికి సరిపడా’ అంటారు. వాళ్లింటి గరిటెనే తెప్పించి, రోట్లో వేసిన టమోటాలు ఎన్ని, మిరపకాయలు ఎన్ని, చెనక్కాయలు ఎన్ని పిడికిళ్లు అని అడిగి, ఒక్కో గరిటెకి గ్రాములు విడగొట్టుకున్నాను. అది ఎట్లో గడిచింది.

అసలు చిక్కు ల్యాబ్ రిపోర్టుతో. నాలుగు గళ్లలో మూడింట ‘బీఎల్‌క్యూ’ అని మాత్రమే ఉంది. అంకె వేసి చెప్పగలిగిన హద్దు (ఎల్‌ఓక్యూ) కన్నా తక్కువ అని. ఆ గళ్లలో ఏ అంకె వేయాలి? మా గైడ్ ‘ఎల్‌ఓక్యూలో సగం వేసేయ్, అందరూ అదే చేస్తారు’ అన్నారు. స్టాటిస్టిక్స్‌లో ఉన్న ఫ్రెండేమో మాంటె కార్లో (కంప్యూటర్‌లో వేల సార్లు లాటరీ తీసినట్టు లెక్కగట్టే పద్ధతి) చేస్తే తప్ప జర్నల్ వాళ్లు చూడరని భయపెడుతోంది. నేను ఊరికే రెండు రకాలుగా వేసి చూశాను. సున్నా వేస్తే అంతా బ్రహ్మాండం. ఎల్‌ఓక్యూ మొత్తం వేస్తే మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఏడీఐ (జీవితాంతం రోజూ తిన్నా హాని లేదనే మోతాదు) దాటిపోతోంది. విచిత్రం ఏంటంటే నా శాంపిళ్లలో ఒక్కదాంట్లో కూడా మోనోక్రోటోఫాస్ దొరకలేదు! దొరకని మందు ఏడీఐ ఎట్లా దాటుతుంది? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

ల్యాబ్ కోటు, తిరుపతి:

అక్కా, నేను రెసిడ్యూ (తిండిలో మిగిలిన మందు) కొలిచే ల్యాబ్‌లోనే పని చేస్తాను, మీరు ఇచ్చిన ల్యాబ్ కాదులెండి. స్టాటిస్టిక్స్ జోలికి పోకముందు మీ రిపోర్టు చివరి పేజీ చూడండి. ఎల్‌ఓక్యూ ఎంత అని రాశారు? కిలోకి 0.01 మిల్లీగ్రామా, 0.05 నా? ఎల్‌ఓడీ (మందు ఉందని కనిపెట్టగలిగే హద్దు) విడిగా ఇచ్చారా?

ఎందుకంటే మా దగ్గర ఫలితం రెండు రకాలు కాదు, మూడు రకాలు. మిషన్‌లో అసలు పీకే (ఆ మందు ఉందని చూపే గుర్తు) రాలేదు, ఇది ఒకటి. పీక్ వచ్చింది, అది ఆ మందేనని తేల్చే అయాన్ రేషియో కూడా సరిపోయింది, కానీ అంకె చెప్పేంత ధైర్యం లేదు, ఇది రెండోది. మూడోది గట్టిగా అంకె ఇచ్చేది. రిపోర్టులో మొదటి రెండూ కలిపి ‘బీఎల్‌క్యూ’ అని కొట్టేస్తారు, పార్టీకి అంతకు మించి అవసరం ఉండదని. మీకు అవసరం. మందు ఉందో లేదో తెలియకపోవడం వేరు, ఉందని తెలిసి ఎంతో చెప్పలేకపోవడం వేరు. రా డేటా అడగండి.

ఇంకోటి. మేము టమోటా తీసుకుంటే తొడిమ తీసేసి మొత్తం కాయని రుబ్బుతాం, కడగం. మామిడిపండైతే టెంక తీసేసి రుబ్బి, లెక్క మాత్రం టెంకతో కలిపిన బరువు మీద ఇస్తాం. ఆహార ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ పద్ధతి అది. ఎమ్మారెల్‌తో (పంటలో ఉండనిచ్చే గరిష్ట హద్దుతో) పోల్చడానికి పెట్టిన పద్ధతి, నోట్లోకి పోయేదాన్ని కొలవడానికి కాదు. మీ ఊళ్ల ఆడవాళ్లు కడిగి, ఉడకబెట్టి తింటారు కాబట్టి ప్రాసెసింగ్ ఫ్యాక్టర్ (కడిగి వండాక మందు ఎంత మిగులుతుందనే గుణకం) ఒకటి మధ్యలో ఉండాలి.

లెక్కల పంతులు, చిత్తూరు:

అమ్మా, నేను వ్యవసాయ స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. దొరకని మందు ఏడీఐ దాటిందన్నావే, నీ చాప్టర్ అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్ వెనక పడొద్దు.

లెక్క వేసి చూద్దాం. మోనోక్రోటోఫాస్‌కి జేఎంపీఆర్, అంటే ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ కలిసి పెట్టుకున్న కమిటీ, ఇచ్చిన ఏడీఐ కిలో ఒంటి బరువుకి రోజుకు 0.0006 మిల్లీగ్రాములు. అంటే 0.6 మైక్రోగ్రాము. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) వాళ్ల రెఫరెన్స్ స్త్రీ బరువు 55 కిలోలు. ఆమె రోజుకి 150 గ్రాముల టమోటా తింటుందనుకో. ఎల్‌ఓక్యూ 0.05 అనుకుని, ప్రతి టమోటాలోనూ సరిగ్గా అంత ఉందనే పట్టుకుందాం. 0.15 కిలోని 0.05 మిల్లీగ్రాములతో గుణించి 55తో భాగిస్తే కిలో బరువుకి 0.136 మైక్రోగ్రాములు. ఏడీఐలో 23 శాతం. పర్వాలేదు.

ఇప్పుడు అదే 0.05ని బియ్యానికీ, రాగిపిండికీ, పప్పుకీ, చెనక్కాయలకీ, పాలకీ, మిగతా కూరగాయలకీ వేయి. వండక ముందు బరువుల్లో మొత్తం ఒక కిలో తిండి అనుకుంటే 0.91 మైక్రోగ్రాములు. ఏడీఐకి ఒకటిన్నర రెట్లు! మందు ఒక్క శాంపిల్లోనూ లేదు. ఆ 0.91 అంతా ఎల్‌ఓక్యూలోంచి పుట్టింది. నువ్వు జాబితాలో ఇంకో పదార్థం చేర్చిన ప్రతిసారీ అది పెరుగుతుంది. అవే శాంపిళ్లని 0.01 దాకా కొలవగల ల్యాబ్‌కి పంపి ఉంటే ఇదే లెక్క 0.18కి దిగేది, ఏడీఐలో 30 శాతం. అందుకే తమ్ముడు ఎల్‌ఓక్యూ ఎంత అని ముందు అడిగాడు, మంచి ప్రశ్న.

క్లోర్‌పైరిఫాస్ అనే ఇంకో మందుకి జేఎంపీఆర్ ఏడీఐ 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు. బీఎల్‌క్యూ గళ్లన్నీ 0.05తో నింపినా 9 శాతం చిల్లర. నిజంగా దొరికిన అంకెలు దాని మీద కలుపుకో. అప్పటికీ తక్కువే ఉంటే ఆ మందుకి సగమా, సున్నానా అన్న చర్చే అనవసరం, రెండు హద్దులూ టేబుల్‌లో వేసి ముందుకు పో. ఒక్క మాట మాత్రం రాయాలి. 2019లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఈఎఫ్‌ఎస్‌ఏ ఆ మందుకి సురక్షిత మోతాదు చెప్పలేమంది, 2020లో అక్కడ అనుమతి పోయింది. కాబట్టి ఎవరి ఏడీఐతో పోల్చావో పేరు పెట్టి రాయి. ‘ఏడీఐలో 9 శాతం’ అని ఊరికే రాస్తే పరీక్షకుడు పట్టుకుంటాడు.

మీ గైడ్ చెప్పిన ‘సగం’ గాల్లోంచి రాలేదు. 1995లో, తిండిలో కల్తీలపై నిఘా పెట్టే డబ్ల్యూహెచ్‌ఓ జెమ్స్ ఫుడ్ కార్యక్రమం యూరప్ విభాగం వాళ్లు పెట్టిన సిఫార్సు అది. కానీ దానికి షరతు ఉంది: కొలవలేనివి 60 శాతం మించకూడదు. మించితే సున్నాతో ఒకసారి, పూర్తి హద్దుతో ఒకసారి, రెండూ చూపించమన్నారు. నీకు 75 శాతం. ఈ మాట గైడ్‌కి మెల్లగా చెప్పు, గొడవ పడకుండా.

మరి దొరికిన అంకెలకి లాగ్‌నార్మల్ అనే వంపు గీసి (మ్యాక్సిమమ్ లైక్లీహుడ్ పద్ధతి), దాంతో కొలవలేనివాటిని ఊహించొచ్చు కదా అంటారు. చేయొచ్చు, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దానికి నాడా అనే ప్యాకేజీ ఉంది. ఒక మందుకి, ఒక పంటకి కనీసం ఓ పాతిక దాకా గట్టి అంకెలుంటే అర్థం ఉంది. వంకాయలో దొరికినవి మూడే ఉంటే ఆ మూడింటి మీదుగా గీసిన వంపు నీ ఇష్టం, నా ఇష్టం. కాప్లాన్ మయర్ అనే ఇంకో పద్ధతి దీనికి పెద్ద విరుగుడు అని కొందరు రాస్తారు. ఎల్‌ఓక్యూ అన్నింటికీ ఒకటే అయినప్పుడు సగటు లెక్కలో అది చేసేది కూడా ఆ గళ్లలో ఒకే హద్దు అంకె వేయడమే. కొత్త సమాచారం ఏదీ పుట్టదు.

సమాచారం పొలంలో ఉంది. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద కొట్టకూడదని మన దేశంలో ఎప్పట్నించో నిషేధం ఉంది. అయినా కొడతారా లేదా అన్నది విడిగా ఆలోచించాలి, వంకాయ విషయంలో నేను హామీ ఇవ్వను. కానీ మన వర్షాధారపు రాగి చేలో ఎవరు కొడతారు? అక్కడి బీఎల్‌క్యూ దాదాపు నిజమైన సున్నా. టమోటాలో క్లోర్‌పైరిఫాస్ బీఎల్‌క్యూ అట్లా కాదు, అక్కడ కొంచెమో గొప్పో ఉండే అవకాశం ఎక్కువ. కొట్టని పంటకి సున్నా, కొట్టే పంటకి సున్నాకీ ఎల్‌ఓక్యూకీ మధ్య. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్లు పంటలో ఎంత శాతానికి మందు కొట్టారన్నది లెక్కలోకి తెచ్చేది ఇందుకే. నువ్వు నలుగురు రైతుల్ని, ఇద్దరు మందుల షాపు వాళ్లని అడిగి ఏ పంటకి ఏ మందు కొడతారో ఒక పట్టిక రాసుకుంటే మాంటె కార్లో కన్నా ఎక్కువ పని చేస్తుంది.

మండీ కుర్రోడు, పలమనేరు:

పంతులు సార్ చెప్పింది కరెక్టే గానీ టమోటా గురించి నేను రొండు మాటలు చెప్తా. మాది టమోటా కుటుంబం, మండీలో కూడా కూర్చుంటా.

అక్కా, మీరు శాంపిల్ ఏ నెలలో కొన్నారు? రేటు ఎంత ఉండింది? 2023 జూలైలో కిలో వంద దాటింది గుర్తుందా. అట్లాంటప్పుడు చేలో ఒక్క కాయ పోయినా ప్రాణం పోయినట్టు ఉంటుంది, ఊజీ ఈగ కనిపించకపోయినా మందు కొడతారు. కోత ఏమో రోజు మార్చి రోజు. మందు డబ్బా మీద ఇన్ని రోజులు ఆగి కోయమని రాసుంటుంది, ఆగేది ఎవరు? అదే రేటు పడిపోయి, కోత కూలి కూడా రానప్పుడు ఎవరూ మందు కొట్టరు. చేలోనే వదిలేస్తారు, లేదా రోడ్డు పక్కన పారబోస్తారు.

తినేవాళ్లది దానికి ఎదురు. రేటు ఉన్నప్పుడు మా ఇంట్లోనే చింతపండు చారు. రేటు లేనప్పుడు పొద్దున టమోటా పచ్చడి, మధ్యాహ్నం టమోటా పప్పు, రాత్రికి మళ్లీ టమోటానే. కాబట్టి మందు ఎక్కువున్న కాయని జనం తక్కువ తింటారు, తక్కువున్నదాన్ని ఎక్కువ తింటారు. మీ లెక్కలో ఇది ఎక్కడైనా వస్తుందా?

ఇంకోటి, మీరు తిరుపతిలో నాలుగు షాపుల్లో కొంటే నాలుగు శాంపిళ్లు అనుకుంటారు. ఆ నాలుగూ తెల్లవారుజామున ఒకే మండీలో, ఒకే రైతు లాట్‌లోంచి పాడుకున్న క్రేట్లు అయ్యుండొచ్చు.

లెక్కల పంతులు, చిత్తూరు:

నాయనా, నలభై మందిని కూర్చోబెట్టి చెప్పినా ఈ ఉదాహరణ నాకు తట్టలేదు. తిన్న పరిమాణాన్ని ఒక డబ్బాలోంచి, రెసిడ్యూని ఇంకో డబ్బాలోంచి విడివిడిగా తీసి గుణించడమే మాంటె కార్లో చేసే పని. ఆ రెండింటికీ సంబంధం లేదన్నది దాని పునాది. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గేలా రెండు రాశులు నడిస్తే వాటి లబ్ధం సగటు, సగటుల లబ్ధం కన్నా తక్కువ. అంటే ఏడాది పొడుగునా టమోటా ద్వారా పోయే మందుని మామూలు పద్ధతి ఎక్కువ చేసి చూపిస్తుంది. మన దగ్గర రేటు ఊగినంతగా ఊగని ఊళ్లో ఇది పట్టించుకోనక్కర్లేదు, టమోటాకి మాత్రం పట్టించుకోవాలి. అమ్మా, దీనికి పెద్ద మోడల్ అక్కర్లేదు. శాంపిల్ కొన్న రోజు మండీ రేటు పక్కన రాసుకో. రేటు ఎక్కువున్న నెలల రీకాల్‌ని ఆ నెలల శాంపిళ్లతోనే గుణించు, తక్కువున్నవాటిని వాటితోనే.

క్రేట్ల సంగతి కూడా అంతే ముఖ్యం. బూట్‌స్ట్రాప్ (ఉన్న శాంపిళ్లలోంచే మళ్లీ మళ్లీ తీసి లెక్క ఎంత ఊగుతుందో చూడడం) చేసేటప్పుడు ఒక్కో శాంపిల్‌ని విడిగా తీయొద్దు, ఒక మండీ, ఒక రోజు కలిపి గుత్తిగా తీయి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దుల మధ్య దూరం) వెడల్పు అవుతుంది, అవ్వనీ. అదే నిజం. ‘వంద శాంపిళ్లలో ఒక్కదాంట్లో కూడా లేదు’ అన్నప్పుడు కూడా ఇదే తేడా. వంద విడివిడి శాంపిళ్లలో సున్నా వస్తే, అసలు శాతం 3కి మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు, మూడుని సంఖ్యతో భాగించే పాత చిట్కా. కోడెక్స్ వాళ్లు ఒక శాతం ఉల్లంఘనని పట్టుకోవాలంటే 299 శాంపిళ్లు కావాలనేది కూడా ఆ చిట్కాకి అన్నదమ్ముల వరసే. నీ వంద నిజానికి పాతిక గుత్తులైతే ఆ 3 శాతం 12 అవుతుంది.

సంగటిముద్ద, తిరుపతి:

అందరికీ చాలా థ్యాంక్స్. ఎల్‌ఓక్యూ 0.05 అనే ఉంది, ఎల్‌ఓడీ ఇవ్వలేదు, మెయిల్ పెడుతున్నాను. మండీ రేటు రాసుకోలేదు గానీ కొన్న బిల్లుల మీద ధర ఉంది తమ్ముడూ, దాంతో సరిపెడతాను.

సార్, ఇంకో రెండు సందేహాలు. రీకాల్ ఒక్కో మనిషికి ఒక్క రోజుదే తీసుకున్నాను, అందులో కొన్ని ఊళ్లవి జూన్‌లో చేశాను. రెండోది, ఒకే రోజు ఎక్కువ తిన్న పిల్లల మాట ఏంటని కమిటీలో ఒక మేడం అడిగారు.

లెక్కల పంతులు, చిత్తూరు:

జూన్‌లో మన జిల్లాలో రీకాల్ తీస్తే జనం మామిడిపండ్ల మీదే బతుకుతున్నారని తేలుతుంది. బేనీషా అయిపోతుంటే నీలం, తోటలున్న ఇళ్లల్లో తోతాపురి ముక్కలు ఉప్పూ కారంతో. ఆ ఊళ్లని మళ్లీ చలికాలంలో చూడాలి.

ఒక్క రోజు రీకాల్‌తో ఊరి సగటు సరిగ్గానే వస్తుంది. చెడేది అంచులు. నిన్న పెళ్లికి పోయినావిడ ఏడాదంతా పెళ్లిభోజనమే చేస్తున్నట్టు లెక్కలో పడుతుంది. కాబట్టి రోజూ ఎక్కువ తినేవాళ్లు ఎంతమంది అంటే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తారు. మనిషికీ మనిషికీ మధ్య తేడాని, ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ తేడాని విడదీయాలి, దానికి కనీసం కొంతమందికైనా రెండో రోజు కావాలి. అందరి దగ్గరికీ పోనక్కర్లేదు. ఊరికి కొందరిని లాటరీ తీసి, వరసగా వచ్చే రోజు కాకుండా వారం పది రోజులు వదిలి అడుగు. తర్వాత నెదర్లాండ్స్ వాళ్ల ఎమ్‌సీఆర్ఏ లాంటి సాఫ్ట్‌వేర్ ఈ రెండు తేడాలనీ విడదీసే బీటా బైనామియల్ నార్మల్ మోడల్‌తో మిగతా పని చేస్తుంది. రెండో రోజు లేకుండా అందులో డేటా పోస్తే అంకెలు మాత్రం వస్తాయి, నమ్మడానికి ఉండవు.

పిల్లల ప్రశ్న వేరే లెక్క. అక్కడ ఏడీఐ కాదు, ఏఆర్ఎఫ్‌డీ, అంటే ఒకే రోజు తిన్నా హాని లేదనే మోతాదు. సగటు రెసిడ్యూ కాదు, అన్నింటికన్నా ఎక్కువ దొరికినది. సగటు తిండి కాదు, తిన్నవాళ్లలో 97.5వ పర్సంటైల్, అంటే నూటికి 97.5 మంది అంతకు మించి తినని పరిమాణం. పైగా ల్యాబ్‌లో పది టమోటాలు కలిపి రుబ్బుతారు కాబట్టి వచ్చేది పదింటి సగటు. మందంతా ఒక్క కాయ మీదే పడి ఉంటే ఆ కాయలో పది రెట్లు ఉండాలి. నిజంగా అంత ఉండదు గనక జేఎంపీఆర్ మూడు రెట్లు వేసుకోమంటుంది. తోతాపురి లాంటి పెద్ద కాయ తీసుకో. 15 కిలోల పిల్లాడు ఒకే కాయలోంచి 250 గ్రాములు తిన్నాడు, అత్యధిక రెసిడ్యూ కిలోకి 0.1 మిల్లీగ్రాము అనుకుంటే, 0.25ని 0.1తో, మళ్లీ 3తో గుణించి 15తో భాగించు. కిలో బరువుకి 5 మైక్రోగ్రాములు. అది లామ్డా సైహలోత్రిన్ అనే మందు అయితే ఏఆర్ఎఫ్‌డీ 20, నాలుగో వంతు. అదే మోనోక్రోటోఫాస్ అయితే ఏఆర్ఎఫ్‌డీ 2. ఒకే అంకె, ఒకచోట నిమ్మళం, ఇంకోచోట రెండున్నర రెట్లు.

కానీ నీ సర్వేలో పిల్లలు లేరు. పెద్దలకే 97.5వ పర్సంటైల్ చెప్పాలంటే, ఆ హద్దు పైన కనీసం ఒక్క మనిషైనా శాంపిల్లో పడే అవకాశం 95 శాతం ఉండాలంటేనే, ఆ పదార్థం తిన్నవాళ్లు 119 మంది కావాలి. బెండకాయ తిన్నవాళ్లు నీకు అంతమంది ఉంటారా? లేకపోతే పెద్ద పోర్షన్ల అంకెలు డబ్ల్యూహెచ్‌ఓ పట్టికల్లోంచి తీసుకుని అలా తీసుకున్నానని రాయి. అమెరికా, యూరప్ వాళ్లు 99.9వ పర్సంటైల్ అంటారు, నీ ఫ్రెండ్ అదే అడుగుతుంది చూడు. వాళ్ల దగ్గర వేల మంది రీకాల్, వేల శాంపిళ్లు. మనం 95 దగ్గర ఆగుదాం.

ల్యాబ్ కోటు, తిరుపతి:

అక్కా, మెయిల్ పెట్టేటప్పుడు ‘రిపోర్టు సవరించండి’ అని రాయొద్దు. అట్లా రాస్తే క్వాలిటీ మేనేజర్ దగ్గరికి పోయి నెల రోజులు కూర్చుంటుంది. ‘జారీ చేసిన రిపోర్టు అలాగే ఉండనివ్వండి, ఎల్‌ఓడీ విలువలు, ఎల్‌ఓక్యూ లోపల పీక్ కన్ఫర్మ్ అయిన శాంపిళ్ల జాబితా విడిగా ఇవ్వండి’ అని అడగండి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ మూడింటికే అడిగితే ఒక పూట పని, ఇచ్చేస్తారు. మొత్తం లిస్టు అడిగితే బిల్లు వేస్తారు.